అర ట్రిప్పు

సాయంత్రం షిఫ్టు దిగే ముందు గనిలో లెక్క మనిషి కోసి తన డాల్డా డబ్బాను టైమాఫీసు బల్ల మీద బోర్లించింది. చింతగింజలు పరుచుకున్నాయి. గుమాస్తా ఉప్పలయ్య వాటిని పదేసి చొప్పున కుప్పలు పెట్టాడు. చివర్న ఏడు మిగిలాయి.

“నూట నలభై ఏడు,” అన్నాడు.

“అంతే,” అంది కోసి.

ఆ రోజు బద్ద ఒక్కటి కూడా లేదు. ఇద్దరికీ అది వింతగానే ఉంది.

కొండ మీది గనిలో ఇనుపరాయిని గ్రాము పోకుండా తూస్తారు. దాని మీద కప్పిన మట్టికి కాంటా లేదు. మట్టిని తవ్వి, డంపర్లలో నింపి, లోయ వైపు పారబోయడం కంట్రాక్టరు పని. ఎన్ని డంపర్లు పోయాయో చూసి డబ్బిస్తారు. కాగితంలో ఒక వాక్యం ఉంది, సగం లోడుకు అర ట్రిప్పు అని. సగం ఏదో, నిండు ఏదో ఎవరు చూడాలో కాగితంలో లేదు. చూసేది కోసి. రోడ్డు మలుపులో గట్టు మీద కూర్చుంటే డంపరు తొట్టి లోపలి దాకా కనిపిస్తుంది. నిండు బండికి నిండు గింజ వేసేది. సగం బండికి గింజను రాయి మీద కొట్టి ఒక బద్ద వేసేది. రెండో బద్ద కొంగులో ఉంచుకుని తర్వాతి సగం బండికి వేసేది. పదకొండేళ్ళుగా ఆమె వేసింది ఉప్పలయ్య రాశాడు. ఆమెకు రాయడం రాదు. అతనికి గట్టు ఎక్కే మోకాళ్ళు లేవు.

ఇప్పుడు ఆ మలుపులోనూ, మిగతా మూడింటిలోనూ ఒక్కో స్తంభం పాతారు. స్తంభం మీద తెల్లటి పెట్టె, పెట్టెకు కన్ను. దారిన పోయే ప్రతి డంపరు నంబరూ అది చదువుతుంది, లెక్కపెడుతుంది, రాయపూరులో ఉన్న ఆఫీసుకు పంపుతుంది. ఏడు రోజులు పరీక్ష. ఈ శనివారం మొదటి రోజు.

కంట్రాక్టరు సూపర్వైజరు భూషణం తలుపు దగ్గర చెప్పులు దులిపి లోపలికి వచ్చాడు. అనకాపల్లి మనిషి. ఎర్రదుమ్ములో కూడా తెల్ల చొక్కా వేసుకుంటాడు. ఒక కాగితం బల్ల మీద పెట్టాడు.

“మున్షీగారూ, రోజూ ఇది నింపాలటండీ. యంత్రం ఎంత చెప్పింది, మనిషి ఎంత చెప్పింది, తేడా ఎంత, తేడాకి కారణం ఏంటి. నాలుగే గళ్ళు. మీ సంతకం, ఆ పైన మేనేజరు సాబుది.”

“యంత్రం ఎంత అన్నది?”

“నూట నలభై ఏడు.”

ఉప్పలయ్య రాశాడు. తేడా గడిలో సున్నా పెట్టాడు. కారణం గడి ఖాళీగా వదిలాడు.

“ఏడు రోజులూ ఇలాగే కలిసిందనుకోండి,” అన్నాడు భూషణం కోసి వైపు చూడకుండా, “ఒకటో తారీఖు నుంచి నాలుగు మలుపుల్లోనూ మనుషులు అక్కర్లేదు.”

కోసి గింజలను డబ్బాలోకి తోసుకుంటోంది. ఆమెది ఎర్రబోరు వైపు, ఇంట్లో కోయ మాట. తెలుగు బాగానే అర్థమవుతుంది.

“కలవకుంటే?” అంది.

“కలవకపోతే నువ్వుంటావు, అమ్మా. పెట్టె పోతుంది.”

“కలవదు,” అంది కోసి. “ఇయ్యాల సాబులు నిలబడ్డరు, బండ్లన్నీ నిండుగ పోయినయ్. రేపు చూడు.”

భూషణం నవ్వాడు. ఏ మాటకైనా అతను అట్లాగే నవ్వుతాడు.

*

ఆదివారం గేటు బయట గవర్రాజు హోటల్లో షేర్ల కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురు. గని స్టోర్సులో పనిచేసి రిటైరైన వెంకటనారాయణ, డంపరు డ్రైవరు సుక్రాం, ఉప్పలయ్య. గవర్రాజు డబ్బు పెట్టడు. టీ పోస్తూ సలహా ఇస్తాడు.

వెంకటనారాయణకు ఒక సిద్ధాంతం ఉంది. ఇంకా ఎదుగుతున్న దేశాలను రేపు ఏలబోయే టెక్నాలజీ కంపెనీ ఏదో బొంబాయిలో కూర్చున్న వాడికి తెలియదని అతని వాదన. అది బస్తరులోనే తెలుస్తుందట. ఇక్కడ కరెంటు నిలవదు, దుమ్ము ఆగదు, నలుగురు కూడితే నాలుగు భాషలు. ఇక్కడ నిలిచిన యంత్రం ఇండోనేషియాలో నిలుస్తుంది, జాంబియాలో నిలుస్తుంది. ఈ లెక్కన అతను రెండేళ్ళ పాటు సంతల వెంట తిరిగాడు. జగర్గుండా దారిలో ఏ ఫోను సిగ్నలు అందుకుంటుందో చూశాడు. భోపాల్‌పట్నంలో మిర్చి కొనే సేట్లు చెల్లింపులకు ఏ కంపెనీ డబ్బా పెట్టుకున్నారో రాసుకున్నాడు. అతను ఎంచిన నాలుగింటిలో మూడు పెరిగాయి. నాలుగోదాని పేరు ఎవరైనా ఎత్తితే టీ తాగకుండా లేచిపోతాడు.

“ధ్రువాక్ష్ సిస్టమ్స్,” అన్నాడు ఇప్పుడు. “మన మలుపులో పెట్టె వాళ్ళదే. చిన్న కంపెనీ. ఇక్కడ పాసైతే ఈ దేశంలో గనులన్నిటికీ వెళ్తుంది, ఆ తర్వాత బయటి దేశాలు. వార్త వచ్చాక కొంటే మనకి మిగిలేది టీ ఖర్చు.”

“టీ ఖర్చు కూడ మీరు ఇయ్యరు గద,” అన్నాడు గవర్రాజు.

“నువ్వు పాల డబ్బా చూసుకో. ఉప్పలయ్యా, కాగితం నీ చేతిలో ఉంది. పాసవుతుందా?”

సుక్రాం గ్లాసు తిప్పుతూ నేల చూశాడు. అతను ఆ మలుపులోనే డంపరు నడుపుతాడు. సగం లోడు ఎప్పుడు పోతుందో, ఎందుకు పోతుందో అతనికి తెలుసు. ట్రిప్పుకు ఇంత అని అతనికీ ముడుతుంది.

“నిన్న కలిసింది,” అన్నాడు ఉప్పలయ్య.

“నిన్న సంగతి కాదు. పాసవుతుందా?”

ఉప్పలయ్య దగ్గర భార్య సోమక్క పోయినప్పుడు వచ్చిన బీమా డబ్బు ఉంది. ఆ పూట అంబులెన్సు పిలిచిన మూడు గంటలకు వచ్చింది. చెక్కు పద్దెనిమిది రోజులకే వచ్చింది. రెండేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉంచితే ఏదో మిగులుతుందని కాదు. దాంతో ఏం చేసినా తప్పే అనిపించేది. వెంకటనారాయణ బతికున్న భార్య చేతి అన్నం తిని వచ్చి, పళ్ళు కుట్టుకుంటూ తన జవాబు కోసం చూడటం అతనికి నచ్చలేదు. తనకు తెలియదని అనడం అంతకన్నా నచ్చలేదు.

“పాసవుతది,” అన్నాడు.

సోమవారం తొమ్మిదింపావుకు షేరు బజారు తెరవగానే ఫోనులో కొన్నాడు. మొత్తం పెట్టాడు.

*

మంగళవారం దాకా సాబులు రోజూ వచ్చి నిలబడ్డారు, లెక్క కలిసింది. బుధవారం వాన పడింది, వాళ్ళు రాలేదు. మట్టి జిగటయింది. తవ్వే షావెల్ బకెట్టుకు అంటుకుపోయి సగమే రాలుతోంది. ఆపి గీకాలంటే అరగంట. భూషణం ఆపనివ్వలేదు. రెండు బకెట్లు పడగానే డంపరును పొమ్మన్నాడు.

కోసి ప్లాస్టిక్ సంచి తలకు కప్పుకుని గట్టు మీద కూర్చుంది. ఉప్పలయ్య మధ్యాహ్నం గొడుగు వేసుకుని మలుపు దాకా వెళ్ళాడు. పెట్టె కన్ను రోడ్డుకు పక్కగా ఉంది. డంపరు ముందు నంబరు చూస్తుంది, పక్క రేకు చూస్తుంది. లోపల ఏముందో చూడదు. సుక్రాం బండి వచ్చింది. తొట్టి అంచు పైన మట్టి కనిపించలేదు. పెట్టె మీద పచ్చదీపం ఒకసారి వెలిగింది. గట్టు మీద కోసి గింజను రాయి మీద పెట్టి కొట్టింది. టక్కుమంది. ఒక బద్ద డబ్బాలో పడింది.

కింద నిలబడ్డ ఉప్పలయ్యను ఆమె చూసింది. రెండో బద్దను వేళ్ళ మధ్య ఎత్తి చూపించింది. అతను తలూపి వెనక్కి వచ్చాడు.

సాయంత్రం బల్ల మీద నూట నాలుగు నిండు గింజలు, ఇరవై ఎనిమిది బద్దలు. ఉప్పలయ్య బద్దలను జతలు పెట్టాడు. పద్నాలుగు.

“నూట పద్దెనిమిది,” అన్నాడు.

“యంత్రం నూట ముప్ఫై రెండు చెప్పింది,” అన్నాడు భూషణం. అప్పటికే కాగితం తెచ్చి బల్ల అంచున నిలబడ్డాడు. “తేడా పద్నాలుగు. రాయండి.”

ఉప్పలయ్య అంకెలు రాశాడు. నాలుగో గడి దగ్గరకు వచ్చాడు. రాయవలసింది నాలుగు మాటలు. ఇరవై ఎనిమిది సగం లోడ్లు. ఆ నాలుగు మాటలతో పెట్టె పోతుంది. పెట్టె పోతే కంపెనీ పోతుంది. పెన్ను కాగితానికి ఆనించి పట్టుకున్నాడు. సిరా చిన్న చుక్కయింది.

“ఏంటండీ ఆలోచన,” అన్నాడు భూషణం మెల్లగా. “మీరూ కొన్నారంట కదా. సుక్రాం చెప్పాడు. మంచిదే. మనందరం బాగుపడాలి.”

ఉప్పలయ్య హిందీలో రాశాడు. లెక్కించిన మనిషి పొరపాటు.

కోసి ఎదురుగానే ఉంది. చదవలేదు. గింజలు డబ్బాలోకి తోసుకుంది, బద్దలు కూడా. మూత పెట్టి, బట్టతో తుడిచి, వానలోకి వెళ్ళింది.

గురువారం ఇరవై రెండు బద్దలు. శుక్రవారం ముప్ఫై ఒకటి. రెండోసారి, మూడోసారి రాయడానికి పెన్ను ఆగలేదు.

*

గురువారమే పొద్దున డ్యూటీకి ముందు అతను వెంకటనారాయణ క్వార్టరుకు వెళ్ళాడు. వెంకటనారాయణ వరండాలో కూర్చుని పేపరు మీద గోళ్ళు తీసుకుంటున్నాడు.

“అమ్మేద్దాం,” అన్నాడు ఉప్పలయ్య నిలబడే.

“ఏం, పాసవదా?”

“పాసవుతది. పాస్ చేసిన. కానీ దానికి సగం లోడు కనపడదు. ఖాళీ బండి పోయినా ట్రిప్పే అంటది. రేపో మాపో ఎవడో ఒకడు పట్టుకుంటడు. అప్పుడు షేరు మట్టిల కలుస్తది.”

వెంకటనారాయణ గోళ్ళకత్తెర పక్కన పెట్టాడు. తర్వాత అతని ముఖం మెల్లగా విప్పారింది. రెండేళ్ళు సంతల్లో వెతికింది దొరికిన వాడిలా చూశాడు.

“ఖాళీ బండి కూడా ట్రిప్పేనా?”

“ట్రిప్పే.”

“కూర్చోవోయ్. సగం లోడు కనిపించదని భయపడుతున్నావా? కనిపించి ఉంటే దాన్ని ఎవడు కొననిస్తాడు? యంత్రం కొనేది గని కంపెనీ. కొననిచ్చేది కంట్రాక్టరు. భూషణం దానికి అడ్డం పడ్డాడా? ఆ స్తంభం ఎవరు పాతారు?”

“భూషణం మనుషులే.”

“జాంబియాలో భూషణం ఉండడా? ఇండోనేషియాలో? గని ఉన్న ప్రతిచోటా ఒకడుంటాడు. కాగితం మీద నిజాయితీ కనిపించాలి, మట్టి మాత్రం సగమే పోవాలి. ఇన్నాళ్ళూ దుమ్ముకి నిలుస్తుందా, కరెంటుకి నిలుస్తుందా అని చూశాను. చూడాల్సింది అది కాదు.” గొంతు తగ్గించాడు. “నాలుగో గడి నింపడానికి నీలాంటి మున్షీ కూడా అన్నిచోట్లా ఉంటాడు. ఇంకాస్త కొను.”

లోపలి నుంచి అతని భార్య ఉప్మా తింటారా అని అడిగింది. ఉప్పలయ్య వద్దనకుండానే మెట్లు దిగాడు. దారిలో తిట్టుకుందామని చూశాడు. వెంకటనారాయణ అన్నదాంట్లో తప్పు మాట దొరకలేదు. రెండేళ్ళలో ఆ మనిషి కచ్చితంగా చెప్పిన మొదటి సంగతి అదే.

*

శనివారం, నెల ఆఖరి రోజున, పదకొండు గంటలకు నలుగురు లెక్క మనుషులనూ టైమాఫీసు ముందు నిలబెట్టారు. మంగి, గంగే, సోమారు, కోసి. సాబు కాగితం చూసి చదివాడు. యంత్రం సరిగ్గా పనిచేసిందన్నాడు. మిగతా మూడు మలుపుల మనుషులు కూడా తేడా చూపారు గానీ ఒకటో రెండో. కోసి కూర్చునే రెండో నంబరు మలుపులోనే మూడు రోజులు పెద్ద పొరపాటు జరిగింది. అంటే అక్కడ పదకొండేళ్ళుగా ఎట్లా లెక్కపెట్టారో దేవుడికే తెలియాలి అన్నాడు. ఎవరూ నవ్వకపోయినా భూషణం నవ్వాడు.

మిగతా మలుపుల వాళ్ళు సగం బండిని నిండు కిందే వేసేవారు. అందుకే వాళ్ళ లెక్క యంత్రంతో కలిసింది. ఆ సంగతి ఉప్పలయ్యకు తెలుసు, కోసికి తెలుసు, ఆ ముగ్గురికీ తెలుసు.

కోసి సాబును చూడలేదు. ఉప్పలయ్యను చూసింది. అతను రిజిస్టరు అట్ట సరిచేశాడు. ఆమె చివరి జీతం కవరు తీసుకుని, వేలిముద్ర వేసి, వేలిని గోడకు తుడిచింది.

ఆ మధ్యాహ్నం ఉప్పలయ్య ఇంటికి వచ్చి అన్నం వండుకోలేదు. తెల్ల కాగితం తీసి గని మేనేజరుకు రాయడం మొదలుపెట్టాడు. బుధ, గురు, శుక్రవారాల్లో రెండో నంబరు మలుపులో పోయిన సగం లోడ్లు ఎనభై ఒకటి. కోసి లెక్కలో తప్పు లేదు. తప్పని నేను రాశాను. ఆ పెట్టె చేసిన కంపెనీలో నాకు షేర్లున్నాయి. రాసి చదువుకుంటే చిన్నగా ఉంది. ఇంతకన్నా పెద్దగా రాయడానికేమీ లేదు. సంతకం పెట్టకుండా బల్ల మీద ఉంచి, దాని మీద గ్లాసు పెట్టాడు. సోమవారం ఇద్దామనుకున్నాడు.

*

ఆదివారం పొద్దున పదింటికి కోసి వచ్చింది. ఆ ఇంటికి ఎప్పుడూ రాలేదు. గుమ్మం ముందు నిలబడి, “మున్షీ,” అంది.

“లోపలికి రా.”

వచ్చి నేల మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి నిన్నటి కవరు తీసి బల్ల మీద పెట్టింది. విప్పి కూడా లేదు.

“ఆ పెట్టె కంపెనీల పెట్టు.”

“ఏంది?”

“షేరు. హోటల్ల మీరు మాట్లాడుకుంటరు, నేను బయట కూసోని రొట్టె తింట. ఆయన అంటడు గద, ఇక్కడ నిలిస్తే దేశదేశాలు పోతదని. ఇక్కడ నిలిచింది. నా పైసలు కూడ అండ్ల పెట్టు.”

“నీకు ఖాతా లేదు. కాగితాలు కావాలె.”

“నీ పేరు మీద పెట్టు.”

“నా పేరు మీద పెడితే అవి నావైతయి, కోసీ. రేపు నేను కాదంటే నువ్వేం చేస్తవ్?”

“పదకొండేండ్లు నా లెక్క నీ పేరు మీదనే పోయింది.”

ఉప్పలయ్య కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. గ్లాసు తీసి కాగితాన్ని ఆమె ముందుకు జరిపాడు. తర్వాత గుర్తొచ్చి తనే తీసుకుని చదివాడు. హిందీలో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. కోసి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది.

“రేపు సాబుకు ఇస్త,” అన్నాడు.

“ఇస్తే నా పని నాకొస్తదా?”

అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు.

“రాదు. రెండు నెలలు విచారణ అంటరు. ఆనక ఇంకో పెట్టె తెస్తరు, పైనుంచి చూసేది.”

“నీ పని?”

“పోతది. పింఛను ఆపుతరు.”

“షేరు?”

“పడతది.”

“మరి ఎందుకు రాసినవ్? తిన్నది అరగకనా?”

అతను ఆమె ముఖంలోకి చూడకుండా కాగితాన్ని మడతపెట్టాడు. నిన్నటి నుంచి ఏమీ తినలేదని చెప్పాలనిపించింది. అది చెప్పడానికి కూడా సిగ్గయింది.

“నాకోసం రాసిన అనుకున్నవ్,” అంది కోసి. “నీకోసం రాసుకున్నవ్. బుధవారం నీ పెన్ను ఆగింది, నేను చూసిన. చదువు రాకున్నా ఆగింది కనపడతది. అప్పుడు రాస్తే నాకు పని ఉండె. ఇప్పుడు రాస్తే నీకు నిద్ర పడతది. నాకేముంది?”

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కోసి చెయ్యి చాచింది.

“ఆ కాగితం ఇటియ్యి. సంతకం పెట్టి ఇయ్యి.”

“ఎందుకు?”

“నా దగ్గర ఉంటది. నా పైసలు షేర్ల ఉంటయి. పెరిగినన్ని దినాలు నాకు పైసలు. పడ్డనాడు ఇది తీస్కపోయి సాబు చేతుల పెడత. పైసలు పోతే పోయినయ్, నా పేరు నాకొస్తది.” చాచిన చెయ్యి దించలేదు. “నడుమ నువ్వు నా పైసలు కాదన్నా ఇదే పని.”

ఉప్పలయ్య ఆ మాటలో ఎక్కడైనా సందు ఉందేమోనని వెతికాడు. వెంకటనారాయణ రెండేళ్ళు సంతలు తిరిగి కూడా ఇట్లాంటిది కట్టలేడు. అటు పెరిగినా ఇటు పడినా ఆమెకు ఏదో ఒకటి దక్కుతుంది.

“మరి నాకు?” అన్నాడు.

“నీకు షేర్లున్నయి గద.”

పెన్ను తీశాడు. మడత విప్పి కింద సంతకం పెట్టాడు. తారీఖు వేశాడు. ఆమె అడగకపోయినా తన టోకెన్ నంబరు కూడా రాశాడు. కోసి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కవరు తీసిన కొంగులోనే ముడి వేసింది. ముడిని రెండుసార్లు లాగి చూసింది.

*

సోమవారం అతనిది రెండో షిఫ్టు. తొమ్మిది కాకముందే గవర్రాజు హోటలుకు వెళ్ళేసరికి కోసి బయటి బల్ల మీద కూర్చుని ఉంది. గేటు లోపలికి పాసు లేదు కాబట్టి ఇక్కడికే వచ్చింది. తొమ్మిదింపావుకు అతను ఆమె డబ్బుకు వచ్చినన్ని షేర్లు కొన్నాడు. ఫోను ఆమెకు చూపించాడు.

కొన్న నాలుగు నిమిషాలకు ధర దిగింది. ఎక్కువ కాదు, రూపాయిన్నర. ఉప్పలయ్య ఫోను జేబులో పెట్టుకోబోయాడు.

“ఉండనీ,” అంది కోసి. “ఎర్రగయింది ఏంది?”

“పొద్దున అట్లనే ఉంటది. సాయంత్రానికి పచ్చగయితది.”

“ఎవరు చెప్పిన్రు?”

“అయితది,” అన్నాడు. గవర్రాజు టీ తెచ్చి పెట్టి, ఇద్దరినీ చూసి పోయాడు.

కోసి కాళ్ళు పైకి ముడుచుకుని, ఒక చెయ్యి కొంగు ముడి మీద వేసుకుని, సర్దుకుని కూర్చుంది.

“అయితే చూస్త. బల్ల మీద పెట్టు.”

ఉప్పలయ్య ఫోనును ఇద్దరి మధ్య పెట్టాడు. టీ మీద మీగడ కట్టింది. ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది. అతను కూడా చూశాడు.